గొంగడి కొప్పెర

హుజురాబాద్ దాటినంక మొగిలయ్య మేస్త్రి
వ్యాను అద్దం దించి
బీడీని ముట్టించకుండానే పెదాల మధ్య పెట్టుకున్నాడు.
"గుడి చూపిస్తనంటివి. ఇంకెంత దూరం బిడ్డా?"
గుండెకు స్టెంటు వేసినప్పటి నుంచీ
ఆ బీడీ వెలగదు,
అలవాటు ఆరదు.

నాది పగుళ్లు వెతికే ఉద్యోగం.
వంతెనల కింద, నీళ్లట్యాంకుల కింద
చిన్న సుత్తితో కొట్టి చెవి ఆనిస్తాను.
ఆ విద్య ఈయన పెట్టిన భిక్ష.
మొదటి పాఠం ఒక్క ముక్క:
"మోగితే బతికుంది, మూలిగితే పోయింది."

మానకొండూరు దగ్గర గుట్టలు
జున్నుముక్కల్లా సగానికి కోసి ఉన్నాయి.
ఒక్కో లారీ మీద ఒక్కో బండ,
గొలుసులు బిగించిన ఏనుగులా
రేవుకు పోతోంది.
మేస్త్రి పదకొండు దాకా లెక్కపెట్టి
పన్నెండోదానికి మొహం అటు తిప్పుకున్నాడు.

సుల్తానాబాద్‌లో చాయ్‌బండి పిల్లగాణ్ని దారి అడిగితే
"బుద్ధుని గుడా? ధూళికట్టల దిబ్బుంది.
దేవుడు లేడు మల్ల!" అన్నాడు.
మేం చిన్నబోతామనుకున్నాడేమో,
"గాలైతే మస్తుంటది" అని కలిపాడు.

పత్తిచేల నడుమ
ఇటుకల గుండ్రం.
కప్పు లేదు, తలుపు లేదు.
లోపల అన్నదే లేదు.
"లోపలికి రానియ్యని గుడి, ఇదేం గుడి?"
చుట్టూ తిరగడమే నాయనా, అన్నాను.
ఆయన తిరిగాడు,
ఎడమచెయ్యి ఇటుకల మీద రాసుకుంటూ,
మొక్కడానికి కాదు,
వరుస తప్పిందేమో చూడటానికి.
జానపెట్టి ఇటుకను కొలిచాడు,
మళ్లీ కొలిచాడు, వేళ్లు సరిపోలేదు.
"గీ ఇటుక ఎత్తినోడు మనకన్నా బలంగా తిన్నడు."

ఒక సున్నపురాతి పలక మీద పాము.
చుట్టలు చుట్టుకుని, పడగలన్నీ విప్పి,
ఎవరికో గొడుగు పట్టింది.
పడగల కింద ఎవరూ లేరు.
"పని సగంల ఆగిందా?"
లేదు, ఆ రోజుల్లో ఆయన రూపం చెక్కేవాళ్లు కాదు.
పాదాలు, గొడుగు, ఖాళీ పీట.
ఏడు రోజులు ముసురట.
ఏడు రోజులూ ఆ పామే కప్పు అట.
మేస్త్రి చాలాసేపు పలక ముందు గొంతుక్కూచున్నాడు.
"లేనిమనిషికి కప్పేసి
కూలి ఎట్ల అడిగిండో!"

అప్పుడు పడింది వాన.
వ్యాను ఎక్కడో తుమ్మచెట్ల అవతల.
స్టెంటు మనిషి పరుగెత్తకూడదు,
నేను ఆయన్ని వదిలి పరుగెత్తకూడదు.
మేకల మంద వెనక నుంచి నల్లటి ఆకారం ఒకటి కేకేసింది:
"రాండ్రి, ఇండ్ల అందరం పడ్తం!"
ఓదెమ్మ. పేరు తర్వాత చెప్పింది.
నెత్తిన గొంగడి కొప్పెర విప్పి
రెండు చేతులా ఎత్తి పట్టుకుంది.
ఉన్ని వాసన, మేకపాల వాసన,
ముగ్గురి ఊపిరి.
నా మోకాళ్ల మధ్య ఒక మేకపిల్ల
ఎవరిదన్నట్టు వణుకుతూ.
"చేతులు గుంజుతలేవా అక్కా?"
"గుంజుతయ్. దించితే తడుస్తరు గదా" అంది,
ఇందులో అడగడానికేముందన్నట్టు.

వాన వెలిశాక
మేస్త్రి కణుపులతో ఇటుకను తట్టి
చెవి పెట్టాడు. ఏం వినిపించిందో చెప్పలేదు.
ఓదెమ్మ చేతిలో యాభై నోటు పెట్టబోతే
"గిదేంది, నేనేమన్న బస్సా?" అని మేకల వెంట పోయింది.

కోటిలింగాల దాకా పోదామనుకున్నాం, పోలేదు.
ఆయన నడుం పట్టేసింది.
వెనక్కి వస్తుంటే, తనిఖీ కాగితాల మీద
రోజూ నింపే గడి గుర్తొచ్చింది:
కట్టడంలో నివాసం ఉంటున్నవారి సంఖ్య.
సున్నా అని రాసి ఉండేదాన్ని పొద్దున్నయితే.
పక్కన మేస్త్రి నిద్రపోతున్నాడు,
తడిసి విచ్చుకున్న బీడీ
ఇంకా పెదాల మధ్యే.